స్వయంచాలిత ఆయుధాలను, అంటే మనిషి ప్రమేయం లేకుండా తామే లక్ష్యాన్ని ఎంచుకుని దాడి చేసేవాటిని, వాడే ముందు చట్టపరంగా పరీక్షించాలన్న నియమం ఉందా?

ఉంది. యుద్ధ నియమాలను చెప్పే జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్‌లో (అనుబంధ ఒప్పందంలో) 36వ అధికరణం చూడండి. కొత్త ఆయుధాన్ని తయారుచేసినా, బయట కొన్నా, దాని వాడకాన్ని అంతర్జాతీయ చట్టం నిషేధిస్తుందేమో ఆ దేశమే తేల్చుకోవాలి. చిక్కంతా ఆ 'దేశమే' దగ్గరే ఉంది. పైనుంచి తనిఖీ చేసే సంస్థ లేదు, ఫలితాన్ని బయటపెట్టాలన్న నిబంధనా లేదు. ప్రోటోకాల్‌ను ఆమోదించని అమెరికా మాత్రం 1970ల నుంచే సొంతంగా ఈ పరీక్ష చేసుకుంటోంది.

తుపాకీ అయితే పని తేలికే. గురి ఎంత కచ్చితం, గాయం అనవసరంగా ఘోరమా అని చూస్తారు. ఎవరిని కాల్చాలన్నది సైనికుడి బాధ్యత. లక్ష్యాన్ని సాఫ్ట్‌వేరే ఎంచుకుంటే ఆ నిర్ణయం కూడా ఆయుధంలో భాగమైపోతుంది. చేతులెత్తేసిన శత్రువును, గాయపడి పడిపోయినవాణ్ణి అది గుర్తుపడుతుందా? దాడితో వచ్చే సైనిక ప్రయోజనం కన్నా పౌరులకు జరిగే నష్టం మితిమీరుతుందా అన్న అంచనాను ల్యాబ్ పరీక్షలో కొలవడం, నా దృష్టిలో, దాదాపు అసాధ్యం. పైగా వాడుతూ నేర్చుకునే సాఫ్ట్‌వేర్ పరీక్షనాటికి ఉన్నట్టే ఉండదు. పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ పరీక్షించాల్సిందే.

భారత్ ఈ ప్రోటోకాల్‌లో చేరలేదు కాబట్టి 36వ అధికరణం ఒప్పందంగా మనకు వర్తించదు. స్వయంచాలిత ఆయుధాలపై 2023లో ఐరాస సర్వసభ్య సభ తెచ్చిన తీర్మానానికీ మన దేశం వ్యతిరేకంగానే ఓటేసింది.