కోఠీ ఇళ్లు కొలవబోతున్న స్రవంతికి

చిరంజీవి స్రవంతికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు బెంగళూరు ఉద్యోగం మానేసి వస్తున్నావట. ఏడాదిపాటు హైదరాబాద్‌లో కోఠీ, సుల్తాన్‌బజార్, చాదర్‌ఘాట్‌లలో పాత ఇళ్లు కొలిచి నక్షాలు గీస్తావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్తూ ఏడ్చింది. దాన్ని ఓదార్చాను గానీ, రాత్రంతా నాకూ నిద్ర లేదు. బతుకంతా డ్రాయింగ్ బోర్డు ముందు నిలబడిన దాన్ని, మన ఇంటి పిల్ల ఈ పనికి వస్తానంటే పొంగిపోనా? పొంగిపోయాను. భయం కూడా పట్టుకుంది.

ముందు చిన్న మాటలు. ఒంటరిగా పోకు. టార్చి, నీళ్లు పెట్టుకో. దూలాల మిద్దె ఎక్కితే గోడ వారగా నడువు, నడిమధ్యకు పోకు. వానాకాలంలో పాత బాల్కనీ కింద నిలబడి ఫోటోలు తీశావని తెలిస్తే ఊరుకోను. నానిన సున్నపు గోడను వాన వెలిసిన మర్నాడు కూడా నమ్మకూడదు.

1910ల్లో లియొనార్డ్ మన్ చేసిన మున్సిపల్ సర్వే పటాలు సంపాదించి దగ్గర పెట్టుకో. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఊరిని ముంచేశాక 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. ఇరుకు బస్తీలు తీసేసి వెడల్పు రోడ్లు వేసింది. పత్తర్‌గట్టి రాతి కమాన్లు వాళ్లు కట్టినవే. వాటిని చూస్తే ఎవరికైనా మనసు నిండుతుంది. నువ్వు మాత్రం పటం తీసి అక్కడ అంతకుముందు ఎవరి గల్లీలు ఉండేవో చూడు.

కోఠీ సంగతి ఇంకా చిత్రం. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి కిర్క్‌ప్యాట్రిక్ తన కొలువు కోసం కట్టించిన రెసిడెన్సీకి అంత పెద్ద స్తంభాలు, మెట్లు ఎందుకు? నిజాం ఊళ్లో కంపెనీ దర్జా చూపించుకోవడానికి. 1857 జూలైలో కంపెనీ మీద తిరగబడ్డ తుర్రేబాజ్ ఖాన్ మనుషులు దాడి చేశాక దాని ప్రహరీని మరింత పటిష్ఠం చేశారు. చుట్టూ ఉన్న బజార్లు 1933 దాకా రెసిడెన్సీ కిందే ఉన్నాయి. శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1901లో ఆ వైపే పుట్టింది. నిజాం సర్కారు ఆంక్షలు అక్కడ అంతగా సాగేవి కావు కాబట్టి తెలుగు పుస్తకానికి అక్కడ చోటు దొరికిందని మా నాన్న చెప్పేవాడు. ఇవాళ ఆ రెసిడెన్సీలో ఆడపిల్లలు చదువుకుంటున్నారు. ఆ మెట్ల మీద కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచే పిల్లను చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది.

ఇక అసలు మాట. దీనికోసమే కాగితం తీశాను.

నేను కొత్తగా చేరిన ఆఫీసుకు పాతబస్తీలో ఒక దేవిడీ, అంటే జాగీర్దారు భవంతి, కొలిచే పని వచ్చింది. ముందు భాగంలో మగవాళ్ల మర్దానా హాలు, గచ్చు కమాన్లు, వెనక ఆడవాళ్ల జనానా, నడుమ అంగణం, బావి. 1949లో జాగీర్లు రద్దయ్యాక ఆ కుటుంబానికి రాబడి పోయింది. జనానా గదులు ఒక్కొక్కటే కిరాయికి ఇచ్చారు. మేం వెళ్లేసరికి అంగణం నిండా సంసారాలే. గాజుల పనివాళ్లు, ఒక దర్జీ, నల్లగొండ నుంచి వచ్చిన గుమాస్తా. బావి మీద షాబాదు బండ పరిచి, దాని మీద బట్టలు ఉతికేవాళ్లు. వరండాకు చెక్కలు కొట్టి గదులు చేసుకున్నారు. ప్రతి గదికీ వేరే కరెంటు మీటరు.

ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని తిప్పి చూపించింది. మర్దానాకీ జనానాకీ మధ్య ద్వారం ఇటుకలతో మూసేసి ఉంది. కింది సగం సున్నం, పై సగం సిమెంటు. కింది సగం జాగీరు పోయిన ఏడు కట్టారట. పై సగం అన్నదమ్ములు విడిపోయాక. కొత్తగా కొట్టిన చిన్న తలుపు ఆమె అల్లుడు కరాచీ వెళ్లిపోయిన తర్వాతది. ఒక రాజ్యం పోయి ఇంకొకటి రావడం ఇంట్లో ఎలా ఉంటుందో నాకు తెలిసింది ఆ గోడ ముందే.

అవన్నీ కొలుచుకుని వచ్చాం. మా పెద్ద సారు చూసి, ‘ఇవన్నీ తర్వాత అతికించినవి, తీసేయండి, అసలు కట్టడం గీస్తే చాలు’ అన్నాడు. షీటు ఎంతో అందంగా వచ్చింది. కమాన్లు, ఖాళీ అంగణం, నోరు తెరిచిన బావి. ఒక్క మనిషి ఆనవాలు లేదు.

కొన్నేళ్లకు రోడ్డు వెడల్పు మొదలైంది. నష్టపరిహారం లెక్క దగ్గర ఆ షీటే బయటికి వచ్చింది. నక్షాలో అంగణం ఖాళీ, కాబట్టి అక్కడ ఇళ్లే లేవన్నారు. కిరాయి రసీదులు దాచుకున్నవాళ్లకు ఏదో కొంత ముట్టింది. మిగతావాళ్లు గిన్నెలు మూటగట్టుకుని పోయారు. దేవిడీ కూడా మిగల్లేదు, ఇప్పుడక్కడ చీరల కాంప్లెక్సు ఉంది. అందుకే చెప్తున్నా బిడ్డా, ఏ రేకుల గదినీ వదలకు. పొయ్యి గట్టు, మూసిన తలుపు, మీటర్ల వరస, అన్నీ గీతలోకి రావాలి. ఎవరు ఎప్పుడు కట్టుకున్నారో పక్కనే రాయి. ప్రతి షీటు మీద తారీఖు వెయ్యి.

పెద్ద భవనాల వెంట పడకు. ఎర్రమంజిల్ కూల్చివేతను 2019లో హైకోర్టు ఆపింది. సైఫాబాద్ ప్యాలెస్‌ను 2020లో పాత సెక్రటేరియట్‌తో పాటు కూల్చేశారు. మిగిలినా పోయినా వాటికి ఫోటోలున్నాయి, మాట్లాడేవాళ్లున్నారు. చాదర్‌ఘాట్ రెండు గదుల ఇంటికి నువ్వు తప్ప ఎవరూ రారు.

అక్కడే నా భయం కూడా. 2024లో మూసీ ఒడ్డు ఇళ్ల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని, కూల్చాల్సిన ఇళ్లకు గుర్తుగా, రాసిపోయారు. ఆ గల్లీల్లో టేపు పట్టుకున్న మనిషి అంటే కూలగొట్టడానికి వచ్చినవాడే. నిన్ను ఎవరైనా తోసేస్తారేమో, తిడతారేమో అని నాకు బెంగ. మొదటి వారం టేపు సంచిలోంచి తీయనే వద్దు. గడప దగ్గర కూర్చో, చాయ్ ఇస్తే తాగు, ఎవరి పిల్లవో చెప్పు. వద్దన్న ఇంటికి మళ్లీ పోకు. గీసిన ప్రతి నక్షా ముందు ఆ ఇంటివాళ్లకే ఒక కాపీ ఇవ్వు, పిల్లల సర్టిఫికెట్లతో పాటు దాచుకోమని చెప్పు.

మీ అమ్మకు నేను నచ్చజెప్తాను. కిరాయి గది వెతక్కు, దోమలగూడలో మా మేడ మీద గదికి సున్నం వేయించాను. పది మీటర్ల స్టీలు టేపు నా దగ్గరే ఉంది, కొత్తది కొనకు. రాత్రి ఎనిమిది దాటితే మాత్రం ఎక్కడున్నావో ఫోన్ చెయ్యి.

ప్రేమతో,
పెద్దమ్మ