సెరటోనిన్ స్కాన్ల పరిశోధనకు డాక్టరే కావాలా?

ప్రశ్న: డిగ్రీలో కెమిస్ట్రీ చదువుతున్నాను. డిప్రెషన్ ఉన్నవారి మెదడులో సెరటోనిన్ అనే సందేశ రసాయనం అతుక్కునే రిసెప్టర్లను స్కాన్‌లో చూస్తారని తెలిసినప్పటి నుంచి ఆ పరిశోధనలోకి వెళ్లాలని ఉంది. మెడిసిన్ చదవనివాళ్లకు అక్కడ చోటుండదని ఇంట్లో అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. ఆ మాటకొస్తే కెమిస్ట్రీ వాళ్లు లేనిదే ఆ స్కాన్ మొదలే కాదు. మామూలు ఎంఆర్ఐలో రిసెప్టర్లు కనబడవు. వాటికి అతుక్కునే అణువుకు రేడియోధార్మిక కార్బన్-11 తగిలించి, నరం ద్వారా ఎక్కించి, ఆ రేడియోధార్మికతను పసిగట్టే పెట్ స్కానర్‌తో చూస్తారు. కార్బన్-11 ప్రతి 20 నిమిషాలకూ సగమైపోతుంది. దాన్ని తయారుచేసే యంత్రం సైక్లోట్రాన్. అందులోంచి బయటికి వచ్చిన దగ్గర్నుంచీ ఉరుకులు పరుగులే: అణువును తయారు చేయాలి, శుద్ధి చేయాలి, నాణ్యత పరీక్షించాలి, స్కానర్ మీద పడుకున్న మనిషికి అందించాలి. గంట గడిస్తే మిగిలేది ఎనిమిదో వంతే. ఇదంతా రేడియోకెమిస్టుల పని.

లెక్కలంటే ఇష్టమైతే ఇంకో దారి ఉంది, నాకు అదే ఎక్కువ ఆసక్తికరం. 1999లో ఒక అధ్యయనం డిప్రెషన్‌లో 5-హెచ్‌టీ1ఏ అనే రకం సెరటోనిన్ రిసెప్టర్లు తక్కువని చెప్పింది. 2006లో మరొకటి, మందులు ఎప్పుడూ వాడనివారిలో అవి ఎక్కువని తేల్చింది. మందుల చరిత్ర ఒక కారణం కావచ్చు. కానీ లెక్కకు ఆధారంగా ఈ రిసెప్టర్లు చాలా తక్కువగా ఉండే చిన్నమెదడును పోలికకు తీసుకున్నారా, ధమని రక్తంలో ఆ అణువు ఎంతుందో కొలిచారా అన్నదాన్ని బట్టి కూడా ఫలితం తారుమారవుతుంది. ఈ చిక్కుముడి విప్పేది ఫిజిక్స్, మ్యాథ్స్, ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లే. సైకియాట్రిస్టులు కూడా ఉంటారు, పాల్గొనేవారిని పరీక్షించి ఎంపిక చేసేది వాళ్లే.

ఒక్కటి ముందే తెలుసుకోండి. ఇది డిప్రెషన్‌ను నిర్ధారించే పరీక్ష కాదు. 2023లో కోపెన్‌హాగన్ బృందం, చికిత్స మొదలుపెట్టని రోగుల్లో 5-హెచ్‌టీ4 అనే మరో రకం సెరటోనిన్ రిసెప్టర్లు సగటున కొంచెం తక్కువని చూపింది. ఆ తేడాతో ఏ ఒక్కరి గురించీ ఏమీ చెప్పలేం. ఎదురుగా కూర్చున్న మనిషికి నేరుగా సాయం చేయాలన్నదే మీ కోరికైతే క్లినికల్ సైకాలజీ వైపు చూడండి, ఇక్కడ నిరాశే మిగులుతుంది.

ప్రస్తుతానికి అవకలన సమీకరణాలు, పైథాన్ నేర్చుకోండి. సెలవుల్లో రేడియోఫార్మసీ (ఇలాంటి రేడియోధార్మిక మందులు తయారుచేసే విభాగం) ఉన్న చోట ఇంటర్న్‌షిప్‌కు ప్రయత్నించండి. పీహెచ్‌డీకి దరఖాస్తు చేసేముందు అక్కడే సైక్లోట్రాన్ ఉందో లేదో అడగండి. లేకపోతే 110 నిమిషాల అర్ధాయువు (సగమవడానికి పట్టే సమయం) ఉన్న మరో రేడియోధార్మిక పరమాణువు ఫ్లోరిన్-18ను బయటి నుంచి తెప్పించుకోవచ్చు గానీ, కార్బన్-11తో పని చేసే వీలే ఉండదు.