ఐర్లండ్ గొడవల మీద 'హ్యారీస్ గేమ్' అనే థ్రిల్లర్ చదువుతున్నాను, సగానికి వచ్చినా ఎవరు ఎటువైపో అర్థం కావట్లేదు. ముందుగా ఏం తెలుసుకోవాలి?

మీరు చదువుతున్న 'హ్యారీస్ గేమ్'ని నేనూ మొదటిసారి సగంలో పక్కన పడేశాను. లండన్‌లో ఒక మంత్రిని కాల్చి చంపుతారు. హంతకుణ్ణి పట్టుకోవడానికి ఒక సైనికాధికారిని మారుపేరుతో ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌కు పంపుతారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఎవరో మామూలుగా పలకరించినా అతనికి అంత టెన్షన్ ఎందుకో నాకు ఎక్కలేదు. తర్వాత చదువు కోసం బెల్‌ఫాస్ట్‌లో ఏడాది ఉండి, వచ్చాక మళ్లీ తీశాను. రెండు రోజుల్లో అయిపోయింది.

చరిత్ర కొంచెం తెలిస్తే చాలు. 1921లో ఐర్లండ్‌ను విడగొట్టినప్పుడు ఉత్తరాన ఆరు కౌంటీలు బ్రిటన్‌తోనే ఉండిపోయాయి. అక్కడ అప్పుడు ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు, వాళ్లు బ్రిటన్ కావాలనేవాళ్లు. కాథలిక్కుల్లో చాలామంది ఐర్లండ్‌లో కలవాలనేవాళ్లు. ఇళ్ల కేటాయింపులో, ఉద్యోగాల్లో తమకు అన్యాయం జరుగుతోందని వాళ్ల కోపం. 1969లో బ్రిటిష్ సైన్యం వీధుల్లోకి దిగింది. 1998 శాంతి ఒప్పందం నాటికి దాదాపు 3,500 మంది పోయారు. అందులో 1972 ఒక్క ఏడాదే ఐదు వందలకు దగ్గర. నవల వచ్చింది 1975లో, రాసినాయన టీవీ విలేకరి. అంటే వేడి వేడిగా రాసిందన్నమాట.

ఇక అసలు సంగతి. అక్కడ నువ్వు ఎటువైపని ఎవరూ నేరుగా అడగరు. పేరు, చదివిన బడి, ఉండే వీధి వింటే చాలు, వాళ్లకు తెలిసిపోతుంది. నా సంగతే చెప్తాను. అద్దెకు గది చూసినప్పుడు అగ్రిమెంట్ కోసం ఇంటాయన నా పేరు స్పెల్లింగ్ అడిగాడు. మనందరిలాగే 'హెచ్' అన్నాను. ఆయన పెన్ను ఆపి, కళ్లద్దాల పైనుంచి చూసి, "నీకు ఇంగ్లిష్ నేర్పింది నన్‌లా?" అన్నాడు. నాకు మతిపోయింది. నేను చదివింది గుంటూరులో కాన్వెంట్‌లోనే! అక్కడ కాథలిక్కులు ఆ అక్షరాన్ని 'హేచ్' అంటారట, ప్రొటెస్టెంట్లు 'ఏచ్' అంటారట. ఆయన నవ్వేశాడు. అద్దె మాత్రం ఒక్క పౌండ్ కూడా తగ్గించలేదు.

ఊరి పేరుతోనూ ఇదే తంటా. ఒకే ఊరు, ఐర్లండ్ వైపువాళ్లకు డెర్రీ, బ్రిటన్ వైపువాళ్లకు లండన్‌డెర్రీ. కొన్నాళ్లు నేను బస్ టికెట్ కౌంటర్లో నోరు విప్పకుండా ఫోన్‌లో పేరు చూపించి టికెట్ తీసుకునేదాన్ని. కొన్ని వీధుల్లో పేవ్‌మెంట్ అంచు రాళ్లకు కూడా ఎరుపు, తెలుపు, నీలం రంగులు వేసి ఉంటాయి, అంటే అది బ్రిటన్ వైపు పేట. నాలాంటి విదేశీయురాలు తప్పు మాట్లాడితే నవ్వి ఊరుకుంటారు. ఆ రోజుల్లో దొంగపేరుతో తిరిగేవాడికి అలా కుదరదు కదా.

కల్పన కదా, పెంచి రాశారేమో అనుకోకండి. 1972లో సైన్యం రహస్యంగా ఒక లాండ్రీ నడిపింది. ఇంటింటికీ వ్యాన్‌లో వెళ్లి తక్కువ రేటుకు బట్టలు తీసుకోవడం, ఉతికేముందు వాటిమీద పేలుడు పదార్థాల ఆనవాళ్లున్నాయేమో పరీక్షించడం. బ్రిటన్ మీద తుపాకులతో పోరాడుతున్న ఐరిష్ దళం ఐఆర్ఏకు ఇది తెలిసిపోయింది. ఆ అక్టోబర్‌లో వ్యాన్ మీద కాల్పులు జరిపి, డ్రైవర్‌గా ఉన్న సైనికుణ్ణి చంపేశారు. బట్టలు తీసుకెళ్లే మనిషి కూడా గూఢచారి కావచ్చని తెలిసిన వీధుల్లోకే మీ హీరో అడుగుపెడుతున్నాడు.

నవల వచ్చిన రెండేళ్లకు, 1977 మే నెలలో, రాబర్ట్ నైరాక్ అనే బ్రిటిష్ సైన్యం కెప్టెన్ సరిహద్దు దగ్గర సౌత్ ఆర్మాలో ఒక పబ్‌కి ఒంటరిగా వెళ్లాడు. తాను బెల్‌ఫాస్ట్ వాణ్ణని చెప్పుకున్నాడు, స్టేజీ ఎక్కి ఐరిష్ తిరుగుబాటు పాటలు కూడా పాడాడు. ఆ రాత్రే బయట కార్ల దగ్గర ఐఆర్ఏ వాళ్లు అతన్ని పట్టుకుని, సరిహద్దు దాటించి చంపేశారు. దశాబ్దాలు వెతికినా శవం దొరకలేదు. ఇది తెలిశాక నవల్లో పబ్ కనిపించినప్పుడల్లా నాకు అదే గుర్తొచ్చేది.

ఇంకొకటి, పక్కన బెల్‌ఫాస్ట్ మ్యాప్ పెట్టుకోండి. ఫాల్స్ రోడ్ కాథలిక్కులది, షాంకిల్ రోడ్ ప్రొటెస్టెంట్లది. రెంటికీ మధ్య నడక దూరమే, కానీ అడ్డంగా గోడ ఉంది. నేనున్నప్పుడు కూడా రాత్రయితే ఆ గోడ గేట్లు మూసేసేవారు. ఈసారి తుపాకులు వచ్చిన పేజీలు గబగబా తిప్పేసినా ఫర్వాలేదు, "మీదే ఊరు?" అని ఎవరైనా అడిగిన చోట మాత్రం ఆగి చదవండి. చివర ఏమవుతుందో చెప్పను, మీరింకా సగంలోనే ఉన్నారుగా.