అంట్లు ఎవరు తోముతారు?

ప్రశ్న: మేం ఏడుగురు స్నేహితులం. ముగ్గురం ఆడవాళ్లం, నలుగురు మగవాళ్లు. కాస్త భూమి కొని, అందరి సంపాదనా ఒకచోట వేసి, ఎక్కువ తక్కువలు లేకుండా బతకాలని ఉంది. లైబ్రరీ గది ప్లాన్ కూడా గీసుకున్నాం. ఇంట్లోవాళ్లు పగటికల అంటున్నారు. ఇది సాధ్యమేనా?

జవాబు: పగటికల అని నేననను. కానీ భూమి, డబ్బు, లైబ్రరీ అన్నీ రాసి, అంట్లు ఎవరు తోముతారో మీరు రాయలేదు. నాకు టెన్షన్ అక్కడే.

ఉద్యోగం కొత్తలో మేం అయిదుగురం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. అద్దె, సరుకులు అన్నీ సమానం. వంటగది తలుపు మీద పనుల చార్ట్ అంటించాం. పని చేసినవాళ్లు టిక్ పెట్టాలి. మూడో వారానికి టిక్కులన్నీ ఇద్దరివే, నావీ ఇంకో అమ్మాయివీ. చార్ట్‌కెక్కని పనులు ఇంకెన్నో! గ్యాస్ అయిపోవస్తోందని గుర్తుపెట్టుకోవడం, తడి మసిగుడ్డ ఆరేయడం, ఎవరికైనా జ్వరమొస్తే రాత్రి లేచి చూడటం. ఒకరోజు ఆ అమ్మాయి ఎవరినీ ఏమీ అనకుండా చార్ట్ చించేసి, పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. వెళ్లేముందు సింక్‌లో గిన్నెలన్నీ తోమి బోర్లించి మరీ వెళ్లింది. ఆ గిన్నెలు ఇప్పటికీ కళ్లముందు కనిపిస్తాయి.

మా ఇంటి గొడవే అనుకోకండి. 1516లో అచ్చయిన ఇంగ్లండ్ రచయిత థామస్ మోర్ పుస్తకం ‘యుటోపియా’లోని ఊహాలోకంలో సొంత ఆస్తి ఉండదు, రోజుకు ఆరు గంటలే పని. అయినా అందరూ కలిసి భోంచేసే హాల్లో వంట ఆడవాళ్లదే, మురికి పనులు బానిసలవి. ఊహించుకున్న లోకంలోనే ఇలా ఉంది! 1825లో బ్రిటన్ మిల్లు యజమాని రాబర్ట్ ఓవెన్ అమెరికాలోని ఇండియానాలో న్యూ హార్మొనీ అనే ఊరినే కొని సమానత్వ సమాజం మొదలుపెట్టాడు. రెండేళ్లకే చెదిరిపోయింది. వచ్చినవాళ్లందరినీ చేర్చుకున్నారు, పనితనం ఉన్నవాళ్లు చాలలేదు. ఆడవాళ్లు మాత్రం ఉమ్మడి పని చేసొచ్చి ఇంటిపని కూడా చేసుకోవాల్సి వచ్చింది.

నిలబడినదీ ఉంది. అమెరికాలోనే వర్జీనియాలో 1967లో ఎనిమిది మందితో మొదలైన ట్విన్ ఓక్స్ అనే ఉమ్మడి సమాజం. అక్కడ ప్రతి ఒక్కరూ వారానికి ఇన్ని గంటలు పనిచేయాలి. డబ్బు తెచ్చే పనైనా, వంటైనా, పిల్లల్ని చూసుకోవడమైనా గంటకు గంటే. మొదట్లో ఎవరికీ ఇష్టం లేని పనికి ఎక్కువ లెక్క కట్టేవారు. తర్వాత అది మానేసి అన్ని గంటలూ ఒకటే అన్నారు. వంట చేసిన గంటను సంపాదించిన గంట పక్కన పెట్టి లెక్కించడం నాకెంతో నచ్చింది.

కాబట్టి భూమి బేరం కాస్త ఆపండి. ముందు మూడు నెలలు అద్దె ఇంట్లో కలిసి ఉండి చూడండి. ఏడుగురూ తలా ఒక నోట్‌బుక్ పెట్టుకుని, చేసిన ప్రతి పనీ, అడక్కుండా గుర్తుపెట్టుకున్న పని కూడా, ఏ పూటకాపూట రాయండి. భూమి ఎవరి పేరున ఉంటుందో, ఎవరైనా వెళ్లిపోతే వాళ్ల చేతికి ఎంత ఇవ్వాలో కూడా స్నేహం బాగున్న ఈ రోజుల్లోనే కాగితం మీద పెట్టండి. వారానికోసారి కూర్చుని నోట్‌బుక్‌లు పైకి చదవండి. ముందు మీ ముగ్గురివీ చదవండి.