ప్లౌమ్యాన్స్ లంచ్ ఆర్డర్ చేస్తే ఏం వస్తుంది?

ఇంగ్లండ్ పబ్బుల మెనూలో ఉండే ప్లౌమ్యాన్స్ లంచ్ అంటే ఏమిటి, శాకాహారులు తినొచ్చా, నిజంగా అది పొలం దున్నేవాళ్ల భోజనమేనా అని అడిగారు. నేను మూడేళ్లు బ్రిస్టల్‌లో ఉద్యోగం చేశాను. సెలవు రోజుల్లో సోమర్సెట్ వైపు నడకకు పోయి దీన్ని చాలాసార్లే తిన్నాను.

ముందు తెలుసుకోవాల్సింది, ఇది చల్లటి భోజనం. అప్పటికప్పుడు ఏదీ పొయ్యి ఎక్కదు. నాకు ఆ సంగతి తెలియదు. చెడ్డార్ లోయ చుట్టూ కొండలెక్కి దిగి, కాళ్లు పీకుతుంటే ఒక పబ్‌లో కూలబడి ఆర్డర్ ఇచ్చాను. ఐదు నిమిషాల్లో చెక్కపలక మీద బ్రెడ్డు, ఒక పెద్ద చీజ్ ముక్క, ఉల్లిపాయలు, సగం ఆపిల్ తెచ్చి పెట్టారు. ఇది స్టార్టరు కాబోలు, అసలుది వెనకాల వస్తుందిలే అని ముట్టుకోకుండా పావుగంట కూర్చున్నాను. బల్లలు తుడిచే అమ్మాయి వచ్చి "బాగాలేదా?" అని అడిగేదాకా ఇక వచ్చేదేమీ లేదని తట్టలేదు.

పలక మీద తప్పకుండా ఉండేవి గట్టి పైపొర ఉన్న బ్రెడ్డు, వెన్న, చీజ్, వెనిగర్‌లో ఊరిన చిన్న ఉల్లిపాయలు, ఒక పికిల్. వీటికి తోడు ఆపిల్, సెలెరీ కాడ, ఉడికించిన గుడ్డు, హ్యామ్ లాంటివి పబ్‌ను బట్టి మారతాయి. పికిల్ అనగానే మనకు ఆవకాయ గుర్తొస్తుంది కదా, ఆ ఆశ పెట్టుకోవద్దు. ఎక్కువగా ఇచ్చేది బ్రాన్‌స్టన్ పికిల్. క్యారెట్, ఉల్లి, కాలీఫ్లవర్ ముక్కలు నల్లటి తీపి-పులుపు గుజ్జులో ఉంటాయి. 1922 నుంచి ఉంది. నూనె లేదు, కారం లేదు. మొదట్లో నాకు బెల్లం ఎక్కువైన పులుసుముక్కల్లా అనిపించింది. కొన్నిచోట్ల దాని బదులు చట్నీ అని ఇస్తారు. పేరు మన దేశం నుంచి వెళ్లిందే, రుచి మాత్రం పళ్ల జామ్‌కి దగ్గర.

చీజ్ విడిగా, ఉల్లిపాయ విడిగా తింటే ఇందులో ఏముంది అనిపిస్తుంది. నేను మొదటిసారి చేసిన రెండో తప్పు అదే. బ్రెడ్డు ముక్క తుంచి, వెన్న రాసి, మీద చీజ్, కొంచెం పికిల్ పెట్టి తినాలి. మధ్యమధ్యలో ఉల్లిపాయ కొరకాలి. చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకున్నట్టే. చీజ్ నోట్లో జిడ్డుగా పేరుకుంటుంటే ఆ పులుపు కడిగేస్తుంది, మళ్లీ చీజ్ తినాలనిపిస్తుంది. మామూలుగా ఇచ్చేది చెడ్డార్ అనే రకం చీజ్, అందులోనూ బాగా మాగినది అయితే నాలుక చివర చురుక్కుమంటుంది. మన దగ్గర రేకు కాగితంలో చుట్టి అమ్మే ప్రాసెస్డ్ చీజ్ క్యూబ్‌తో ఇంట్లో ప్రయత్నించాను, అసలు కుదరలేదు.

ఇక శాకాహారం సంగతి. ఆర్డర్ ఇచ్చేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. ఒకటి, హ్యామ్ ఉందా అని. మెనూలో ఒక్క చీజ్ పేరే రాసి ఉన్నా నాకొకసారి పక్కన హ్యామ్ చుట్టలు వచ్చాయి. "వద్దంటే మార్చేవాళ్లం కదా" అన్నారు! రెండోది, చీజ్‌లో వాడిన రెన్నెట్ ఏమిటని. పాలు విరగడానికి వేసే ఈ రెన్నెట్‌ను పాతపద్ధతిలో దూడ పొట్ట నుంచి తీస్తారు. జంతువుల నుంచి తీయని రెన్నెట్‌తో చేసిన చెడ్డార్ కూడా బాగానే దొరుకుతుంది. మెనూలో ఆ పదార్థం పక్కన శాకాహారమని చెప్పే "వి" (V) గుర్తు ఉందేమో చూడండి.

రైతుల భోజనమా అంటే, సగం నిజం. పొలం పనివాళ్లు బ్రెడ్డు, చీజ్, బీరు తీసుకుపోయి తినడం శతాబ్దాల అలవాటే. కానీ ఈ పేరు ఇంతగా వ్యాపించింది 1950ల తర్వాతే. రెండో ప్రపంచయుద్ధంలో అక్కడ చీజ్‌కి రేషన్ పెట్టారు. చాలాకాలం మనిషికి వారానికి రెండు ఔన్సులు, అంటే 60 గ్రాములు కూడా కాదు. పాలన్నీ ఎక్కువగా ఒకే రకం గట్టి చీజ్‌కి మళ్లించారు, దాన్ని గవర్నమెంట్ చెడ్డార్ అనేవాళ్లు. ఊరూరా ఉన్న రకాలు చాలా మూలబడ్డాయి. 1954లో రేషన్ ఎత్తేశాక జనానికి చీజ్ మళ్లీ అలవాటు చేయాలి కదా. చీజ్ బ్యూరో అనే ప్రచార సంస్థ పబ్బుల్లో బీరుతో పాటు ఈ పలకను ప్రోత్సహించింది. 1960లలో మిల్క్ మార్కెటింగ్ బోర్డు దేశమంతా ప్రచారం చేసింది. పబ్బులకూ లాభమే, వంటవాడు అక్కర్లేదు. తిండి పాతది, పేరుకు పట్టించిన రంగు ప్రకటనలవాళ్లది. ఇది తెలిశాక కూడా నాకు రుచేమీ తగ్గలేదు.

బల్ల దగ్గర కూర్చుంటే ఎవరో వచ్చి అడుగుతారని చూడకండి. చాలా పబ్బుల్లో మనమే కౌంటర్ దగ్గరికి వెళ్లి, టేబుల్ నంబర్ చెప్పి, ముందే డబ్బు కట్టాలి. మద్యం తాగకపోతే ఆపిల్ జ్యూస్ అడగండి, ఈ చీజ్‌కి బాగుంటుంది. ఇంకోటి, పల్లెటూరి పబ్బుల్లో చాలాచోట్ల మధ్యాహ్నం రెండున్నరకల్లా వంటగది మూసేస్తారు. వండేదేమీ లేకపోయినా సరే, ఆ తర్వాత వెళ్తే చిప్స్ ప్యాకెట్టే గతి.