ఆరాధనలో ఒక నోరు, ఇంట్లో ఇంకో నోరు

వందనాలు సిస్టర్. "సంఘంలో అందరితో మెత్తగా మాట్లాడతాను, ఇంటికొస్తే భర్త మీద, పిల్లల మీద నోరు పారేసుకుంటాను. ఎంత ప్రార్థన చేసినా మారడం లేదు. అసలు నేను రక్షణ పొందానా?" అని అడిగారు. దేవుడు నన్ను నిజంగా క్షమించి తన బిడ్డగా చేసుకున్నాడా అని, కొన్నేళ్ల కిందట నేనూ ఇదే ప్రశ్నతో ఏడ్చాను.

ఒక ఆదివారం ఆరాధనకు టైమ్ అయిపోతోంది. మా అమ్మాయికి ఒక చెప్పు కనిపించలేదు. అప్పటికే టెన్షన్‌లో ఉన్నాను, "నువ్వు ఎందుకూ పనికిరావు" అనేశాను. పిల్ల ఏడవలేదు. ఒంటి చెప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గంట తిరక్కుండా నేను చేతులెత్తి పాడుతున్నాను. పక్కకు చూస్తే, తను నా నోటి వైపే చూస్తోంది.

ఒక్క నోటి నుంచే ఆశీర్వచనం, శాపవచనం వస్తున్నాయని యాకోబు పత్రిక 3వ అధ్యాయంలో ఉంది కదా. శాపమంటే పెద్ద పెద్ద శాపనార్థాలే అనుకునేదాన్ని. దేవుని పోలికలో పుట్టిన పిల్లను పట్టుకుని పనికిరావు అనడం ఇంకేమిటి?

ఇక నోరు జారకూడదని తీర్మానం చేసుకున్నాను. మూడు రోజులు నడిచింది. నోరు మూసుకున్నానే గాని తలుపులు ధడాలున వేసేదాన్ని, ముఖం మాడ్చుకునేదాన్ని. ఆ తిట్లు ఇంట్లో అందరికీ వినపడేవి. అప్పుడు అదే అధ్యాయంలో 8వ వచనం దగ్గర ఆగిపోయాను: ఏ నరుడూ నాలుకను సాధు చేయలేడట. నాకు అది ఊరటగా అనిపించింది. 141వ కీర్తనలో దావీదు "యెహోవా, నా నోటికి కావలియుంచుము" అని అడిగాడు, నేనే కాపలా కాస్తాననలేదు. ఆ ప్రార్థనను పొద్దున్నకి వదిలేయకుండా, కోపం గొంతు దాకా వచ్చిన క్షణంలోనే లోపల అనుకోవడం మొదలుపెట్టాను. ఒక్కోసారి సగం మాట అన్నాక గుర్తొస్తుంది. సగంలోనే ఆపేస్తాను.

ఎఫెసీయులకు రాసిన పత్రిక 4:29లో నోట రానివ్వకూడదన్న "దుర్భాష" అంటే బూతులేమో అనుకునేదాన్ని. అక్కడి గ్రీకు మాటే మత్తయి సువార్తలో చెడ్డ చెట్టుకు, చెడ్డ పండుకు వాడారు. కుళ్లిన మాట అన్నమాట. ఎత్తిపొడుపు, పక్కింటి పిల్లలతో పోలిక, ప్రార్థన అంశం పేరుతో ఇంకొకరి ఇంటి గుట్టు విప్పడం (ఇది మన స్త్రీల కూడికల్లో ఎంత మామూలైపోయిందో!) అన్నీ అందులోకే వస్తాయి. అయితే అదే వచనంలో "అవసరమునుబట్టి" అని కూడా ఉంది. పిల్లల్ని మందలించవద్దని కాదు. ఆ రోజు నేను అనాల్సిన మాట "రేపటి నుంచి చెప్పులు రాత్రే గుమ్మం దగ్గర పెట్టుకో" అని, అంతే.

రక్షణ గురించి మీ భయానికి యెషయా 6వ అధ్యాయం చదవండి. అపవిత్రమైన పెదవులు గలవాడినని ఏడ్చిన యెషయాను దేవుడు వెళ్లగొట్టలేదు. ఆ పెదవులనే నిప్పుతో ముట్టించి, తన మాట చెప్పడానికి పంపాడు. మీలో ఉన్న ఈ బాధ పరిశుద్ధాత్మ పనే అని నేను నమ్ముతున్నాను.

కానీ దేవుని దగ్గర ఒప్పుకుని ఊరుకోకండి, ఇంట్లోవాళ్ల దగ్గరా ఒప్పుకోండి. నేను ముందు "సారీ, కానీ నువ్వు కూడా..." అనేదాన్ని. ఆ "కానీ"తో మళ్లీ తిట్టినట్టే అయ్యేది. చివరికి ఒక రాత్రి మా అమ్మాయి మంచం పక్కన కూర్చుని, "ఆ రోజు పనికిరావు అన్నాను. అది అబద్ధం. నాదే తప్పు, నన్ను క్షమించు" అన్నాను. తను ఏమీ అనలేదు, అటు తిరిగి పడుకుంది. రెండు రోజుల తర్వాత తల దువ్వుతుంటే అడిగింది: "అమ్మా, అది నిజంగానే అబద్ధమా?"