తోట చివర లైట్ల కోసం ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్ శివార్లలో, కీసర దగ్గర. పొడుగాటి 1,500 గజాల జాగా. ముందు ఇల్లు, వెనక కూరగాయల మళ్లు, వాటి తర్వాత మామిడి, సపోటా చెట్లు. బోరు మోటారు ఇంటికి 60 మీటర్ల దూరంలో, తోట చివర చిన్న గదిలో ఉంది. మామయ్యగారికి 71 ఏళ్లు. రోజూ రాత్రి ఎనిమిది దాటాక ఫోన్ టార్చితో వెళ్లి మోటారు వేస్తారు, ట్యాంకు నిండాక మళ్లీ వెళ్లి ఆపి వస్తారు. పోయిన నెల దారిలో కట్లపాము కనిపించింది. అప్పటి నుంచి నాకు టెన్షన్. తోటంతా లైట్లు పెట్టిద్దామనుకున్నాం. ఇంటి నుంచి గాడి తవ్వి, కేబుల్ వేసి, 14 లైట్లు పెట్టడానికి ఎలక్ట్రీషియన్ 1,10,000 అడిగాడు. షాపులో 14 సోలార్ లైట్లు, ఒక్కోటి 4,500 చొప్పున 63,000 చెప్పారు. క్రెడిట్ కార్డు మీద 16 శాతం వడ్డీతో 12 నెలల ఈఎంఐ పెట్టుకోమన్నారు, సబ్సిడీ కూడా వస్తుందన్నారు. మా తమ్ముడు 12 వోల్టుల లైట్లయితే చవక, షాక్ కొట్టదు అంటాడు. మావారేమో 2 లక్షల ఎఫ్‌డీ బ్రేక్ చేద్దామంటున్నారు. ఇద్దరి జీతాలు కలిపి చేతికి 78,000 వస్తాయి. అందులో 31,000 హోమ్‌లోన్‌కు పోతుంది. అన్నీ పోను నెలకు 9,000 మిగులుతాయి. ఆ ఎఫ్‌డీ తప్ప వేరే పొదుపు లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మామయ్యగారి రాత్రి నడక ఆపించండమ్మా. లైట్ల లెక్క తర్వాత చూద్దాం. మోటారు వేసే పని పొద్దున ఆరున్నరకు మార్చుకోవడం కుదురుతుందేమో ఆయన్నే అడగండి. దానికి పైసా ఖర్చు లేదు. రాత్రే నీళ్లు పట్టాల్సిన కారణం ఏదైనా ఉంటే స్టార్టర్‌కు టైమర్ పెట్టించండి, కనీసం ఆపడానికి రెండోసారి వెళ్లే పని తప్పుతుంది. ఫోన్ నుంచే మోటారు వేసి ఆపే స్టార్టర్లు కూడా దొరుకుతున్నాయి. మీ ఎలక్ట్రీషియన్ అడిగిన లక్షా పదివేలతో పోలిస్తే దీని ఖర్చు చాలా తక్కువ. లైట్లు పెట్టేదాకా ఫోన్ టార్చి బదులు మంచి రీఛార్జబుల్ టార్చి, పాదాలు పూర్తిగా కప్పే బూట్లు ఇప్పించండి. కట్లపాము రాత్రి తిరిగే పాము. ఈ పని వచ్చే నెలకు వాయిదా వేయకండి.

ఇప్పుడు అసలు సంగతి. మోటారు తోట చివర గదిలో ఉంది, మామయ్యగారు అక్కడికే వెళ్లి వేస్తున్నారు. అంటే స్టార్టర్ డబ్బా అక్కడే ఉంది, కరెంటు ఇప్పటికే తోట చివరిదాకా వెళ్లింది. ఇంటి నుంచి మళ్లీ 60 మీటర్ల గాడి ఎందుకు? మీ కొటేషన్‌లో గాడి తవ్వకం, కేబుల్ కలిపి ఎంత వేశాడో విడిగా రాయించుకోండి. ఇలాంటి పనుల్లో లైట్ల కంటే మట్టి పనికి, కేబుల్‌కే ఎక్కువ డబ్బు పోతుంది. అది మిగిలితే మీ సమస్య సగం తీరినట్టే.

అయితే ఒకటి చూసుకోవాలి. ఆ మోటారు మీ ఇంటి మీటరు మీదే నడుస్తోందా? జాగా ఒకప్పుడు పొలమై ఉండి, పాత వ్యవసాయ కనెక్షనే ఇంకా కొనసాగుతుంటే దాని మీద ఒక్క బల్బు కూడా వేయకండి. ఒక అవసరానికి ఇచ్చిన కనెక్షన్‌ను వేరే దానికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అది అనధికార వాడకం అవుతుంది, రెట్టింపు రేటుతో లెక్కగట్టి వసూలు చేస్తారు. ఇంటి మీటరే అయితే చిక్కు లేదు. పాత కేబుల్ పై తొడుగు బాగుందో లేదో, ఎర్తింగ్ సరిగా ఉందో లేదో పరీక్ష చేయించి, లైట్లకు విడిగా ఒక ఎంసీబీ (లోడు ఎక్కువైతే ఆపేసే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి. తడి నేల మీద నడిచే చోట ఆ ఆర్‌సీసీబీ డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి.

మీ తమ్ముడి మాటలో కొంత నిజముంది. 12 వోల్టులు షాక్ పరంగా భద్రమే. కానీ దూరం దానికి పడదు. 12 వాట్ల లైట్లు ఆరు, అంటే 72 వాట్లు అనుకుంటే, 12 వోల్టుల్లో 6 ఆంపియర్లు కావాలి. ఇంటి దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 60 మీటర్లు లాగితే, రానుపోను 120 మీటర్ల వైరులోనే 5 వోల్టులకు పైగా పోతాయి. చివరి లైటు మిణుగురులా వెలుగుతుంది. అదే వైరులో 230 వోల్టులు పంపితే అర వోల్టు కూడా పోదు. చవక అని కొన్న కిట్టుకు తర్వాత లావు వైరు కొనాల్సి వస్తే మొత్తం మీద అదే ఖరీదవుతుంది.

ఇక సోలార్. కరెంటు బిల్లు మిగులుతుందని మాత్రం కొనకండి. 12 వాట్ల ఎల్ఈడీలు ఆరు, రోజుకు ఐదు గంటలు వెలిగినా నెలకు 11 యూనిట్లు దాటవు. యూనిట్ 9 రూపాయలు అనుకున్నా వంద లోపే. నెలకు వంద మిగుల్చుకోవడానికి 63,000 పెట్టడం నాకు నచ్చదు. సోలార్ లైటుతో లాభం గాడి తవ్వక్కర్లేకపోవడమే. అందుకని ఎండ బాగా పడే చోట, వైరు లేని చోట అది మంచిదే. మీ కూరగాయల మళ్ల పక్క దారి అలాంటిదే. మామిడి చెట్ల కింద మాత్రం వద్దు. ప్యానెల్ మీద నీడ పడితే బ్యాటరీ నిండదు, జూలై, ఆగస్టు ముసురు రోజుల్లో అయితే రాత్రి తొందరగానే ఆరిపోవచ్చు. పాములకు భయపడేది సరిగ్గా ఆ వానల్లోనే కదా. కొనేటప్పుడు బ్యాటరీ ఎక్కువ కాలం మన్నే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమేనా, పాడైతే దాన్ని మార్చుకోవచ్చా అని అడగండి. బ్యాటరీ మార్చడానికి వీల్లేని లైటుకు ఎంత ధర పెట్టినా అది కొన్నేళ్ల సరుకే.

సబ్సిడీ మాట నమ్మకండి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల నుంచి ఇచ్చే 78,000 రూపాయలు ఇంటి పైకప్పు మీద పెట్టి గ్రిడ్‌కు కలిపే ప్యానెళ్లకు మాత్రమే. తోట లైట్లకు రాదు. అదే షాపులో ఇంకోటి అడగండి: 2025 సెప్టెంబరు 22 నుంచి సౌర పరికరాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మీకు చెప్పిన ధర ఆ లెక్కతోనే చెప్పారా? హైదరాబాద్‌లో కరెంటు సామాన్లు అమ్మే ట్రూప్ బజార్‌లో రెండు మూడు షాపులు తిరిగి రేట్లు కనుక్కున్నాకే కొనండి.

ఈఎంఐ సంగతి. 63,000కు 16 శాతం మీద నెలకు దాదాపు 5,716 కట్టాలి. ఏడాదిలో వడ్డీ 5,600 దాకా, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో వెయ్యి, ప్రాసెసింగ్ ఫీజు వేరు. ఒక లైటు ఖరీదు కంటే ఎక్కువే వడ్డీకి, పన్నుకు పోతుంది. అంతకంటే నన్ను భయపెట్టేది, మీకు మిగిలే 9,000లో మూడింట రెండొంతులు ఏడాది పాటు కట్టుబడిపోవడం. మధ్యలో ఒక్క నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే మిగిలిన బాకీ మీద పడే వడ్డీ ఏడాదికి 40 శాతం దాటొచ్చు.

ఎఫ్‌డీ జోలికి అసలు వెళ్లకండి. గడువుకు ముందే బ్రేక్ చేస్తే వడ్డీ తగ్గించి ఇస్తారు, ఆ నష్టం చిన్నదే. పెద్ద విషయం ఏమిటంటే మీ ఇంటి నెల ఖర్చు హోమ్‌లోన్‌తో కలిపి 69,000. 2 లక్షలు మూడు నెలలకు కూడా నిండుగా సరిపోవు. ఇంట్లో 71 ఏళ్ల పెద్దాయన ఉన్నారు. రాత్రికి రాత్రి ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే కౌంటర్ దగ్గర కట్టాల్సిన డబ్బు ఇదే. ఆయన కోసం లైట్లు పెట్టడానికి ఆయన కోసమే ఉన్న డబ్బు తీయడం నాకు మనసొప్పడం లేదు.

14 లైట్లు కూడా అక్కర్లేదు. చెట్లకు వెలుతురు అవసరం లేదు, కాలు పెట్టే చోట కావాలి. ఈ నెల మిగిలే 9,000తో మోటారు గది బయట రెండు, ఇంటి వెనక గోడ మీద ఒకటి కరెంటు లైట్లు, ఆర్‌సీసీబీ, పాత కేబుల్ పరీక్ష చేయించండి. కాస్త ఎక్కువైతే మిగతాది వచ్చే నెలకు పెట్టుకోండి. తర్వాతి రెండు నెలల్లో రెండేసి సోలార్ లైట్లు, నెలకు 9,000. మూడు నెలల్లో 27,000 నుంచి 30,000కు పని అయిపోతుంది, అప్పు లేదు, ఎఫ్‌డీ కదలదు. ఆ తర్వాత నెల నుంచి మళ్లీ 9,000 రికరింగ్ డిపాజిట్‌లో వేస్తూ అత్యవసర నిధిని 4 లక్షల దాకా తీసుకెళ్లండి.

లైట్లు కొనేటప్పుడు తెల్లటి వెలుగు కాకుండా పసుపు రంగుది, 3,000 కెల్విన్ లేదా అంతకంటే తక్కువది అడగండి. తెల్ల లైటు చుట్టూ పురుగులు ఎక్కువ మూగుతాయి, పురుగుల కోసం కప్పలు, కప్పల కోసం పాములు వస్తాయి. అందుకే మోటారు గది లైటు సరిగ్గా తలుపు పైన కాకుండా నాలుగడుగులు పక్కకు పెట్టించండి. డబ్బా మీద ఐపీ65 (దుమ్ము, నీళ్లు లోపలికి పోవని చెప్పే గుర్తు) అని ఉంటే బయట వానకు తట్టుకుంటుంది.

ఎలక్ట్రీషియన్ వచ్చిన రోజు మామయ్యగారిని కూడా తోటలోకి తీసుకెళ్లండి. దారిలో ఎక్కడ రాయి తగులుతుందో, ఎక్కడ నీళ్లు నిలుస్తాయో ఆయనకే బాగా తెలుసు. ఆయన చూపించిన చోటే గుర్తు పెట్టించి, స్తంభాలు పాతించండి.